గేమ్ ఆఫ్ థ్రోన్స్: దేవుళ్లను ఎవరూ నిలదీయని ముగింపు

అడిగినవి రెండు ప్రశ్నలు. జార్జ్ మార్టిన్ నవలల మీద తీసిన అమెరికన్ టీవీ సీరియల్ గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో ఇంతమంది దేవుళ్లు ఉన్నారు కదా, వాళ్లలో నిజమైన దేవుడు ఎవరు? చివరి సీజన్ వచ్చేసరికి వాళ్లందరూ ఏమైపోయారు, ముగింపు అంత నిరాశ కలిగించడానికి కారణం అదేనా? నా దృష్టిలో ఈ రెండూ విడివిడి ప్రశ్నలు కావు. పుస్తకాలను ఏళ్ల తరబడి చదువుతూ, సీరియల్ ప్రసారమవుతున్న రోజుల నుంచీ ఈ వాదోపవాదాల్లో ఉన్నాను కనుక కాస్త వివరంగానే రాస్తాను. కథ చివరంటా చర్చకు వస్తుంది. ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగడం మంచిది.

2011 ఏప్రిల్ 17న మొదలైన ఈ కథ 73 ఎపిసోడ్ల తర్వాత 2019 మే 19న ముగిసింది. చివరి సీజన్‌ను కొత్త రచయితలతో మళ్లీ తీయాలంటూ ఇంటర్నెట్‌లో పెట్టిన విజ్ఞప్తి మీద 10 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. అదే ఏడాది ఆ సీజన్‌కే ఉత్తమ డ్రామాగా ఎమ్మీ పురస్కారం వచ్చింది. నటుల మీద, సంగీతం మీద అభిమానులకు పెద్దగా ఫిర్యాదు లేదు. గొడవంతా కథతోనే.

ఎక్కువమంది చెప్పే కారణం తొందర. మొదటి ఆరు సీజన్లకూ పదేసి ఎపిసోడ్లు ఇచ్చినవాళ్లు చివరి రెండు సీజన్లనూ కలిపి 13 ఎపిసోడ్లలో చుట్టేశారు. పుస్తకాలు కూడా 2011లో వచ్చిన అయిదో సంపుటం దగ్గరే ఆగిపోయాయి. ఏడు సంపుటాలు రావాలి. ఆ మేరకు దారి చూపే కథ లేక రచయితలు తడబడ్డారన్న మాటలో నిజముంది. కానీ ఆ తొందరలో అన్నింటికంటే ముందు ఏది పక్కకు పోయిందో చూస్తే అసలు జబ్బు తెలుస్తుంది. పోయింది దేవుళ్లు కాదు. దేవుళ్ల పేరుతో జరిగినదానికి జవాబు అడిగే మనుషులు పోయారు.

ముందు మొదటి ప్రశ్న. దీనిమీద అభిమానులు నాలుగైదు వర్గాలుగా చీలిపోయారు. కాంతి ప్రభువు ఒక్కడే నిజమని ఒక వర్గం: చచ్చినవాళ్లను లేపింది అతని పూజారులే, మంటల్లో భవిష్యత్తు కనిపించింది వాళ్లకే. పాత దేవుళ్లే గెలిచారని మరో వర్గం: ఆ దేవుళ్లకు పవిత్రమైన వియర్‌వుడ్ చెట్ల గుండా చూసే కుర్రవాడు బ్రాన్ చివరికి రాజయ్యాడు కదా అంటారు. బ్రావోస్ నగరంలోని అనేక ముఖాల దేవుడి గుడిలో అన్ని మతాల మృత్యుదేవతల విగ్రహాలూ ఒకేచోట ఉంటాయి కాబట్టి దేవుడు ఒక్కడే, అతని పేరు చావు అనేది మూడో వాదన. దేవుళ్లే లేరు, ఉన్నది మంత్రశక్తి మాత్రమే, దానికి ఒక్కో ప్రాంతం ఒక్కో పేరు పెట్టుకుందనేది నాలుగోది. ఐరన్ దీవుల మునిగిన దేవుడి పక్షాన వాదించేవాళ్లు నాకు పెద్దగా తారసపడలేదు.

ఈ తీర్పు చెప్పడం జార్జ్ మార్టిన్ ఉద్దేశం కాదు. కథ జరిగే ఖండం వెస్టెరోస్‌లో దేవుళ్లు ప్రత్యక్షమై కథను మలుపు తిప్పరనీ, మతాలకూ మంత్రాలకూ ఉన్న సంబంధాన్ని పాఠకులే తేల్చుకోవాలనీ ఆయన ఇంటర్వ్యూలో చెప్పారు. కథ నిర్మాణమూ అలాగే ఉంది. రాజరక్తమున్న జెండ్రీ అనే కుర్రవాడి రక్తం పీల్చిన మూడు జలగలను కాంతి ప్రభువు పూజారిణి మెలిసాండ్రే మంటలో వేయిస్తుంది. సింహాసనం కోరే స్టానిస్ తన పోటీ రాజులు రాబ్, జాఫ్రీ, బేలన్ పేర్లు పలుకుతాడు. ముగ్గురూ చచ్చారు. కానీ రాబ్‌ను చంపింది విందులో జరిగిన ద్రోహం, జాఫ్రీని చంపింది విషం, బేలన్‌ను చంపింది సొంత తమ్ముడు. జలగలే చంపాయా, జరగబోయేది మంటల్లో ముందే చూసి మెలిసాండ్రే ఆ తంతు నడిపించిందా? రెండు వైపులా వాదించవచ్చు. ఆ సందిగ్ధమే ఈ కథ బలం. చివరి ఎపిసోడ్‌లో ఏదో ఒక దేవుడు దిగివచ్చి తన పథకమంతా వివరించి ఉంటే నేను ఇంకా ఎక్కువ నిరాశపడేవాణ్ణి.

అయితే దేవుళ్ల ఉనికి తేలకపోయినా ఒక్క నియమం మాత్రం మొదటి సీజన్ నుంచీ చాలా కచ్చితంగా ఉంది. ఈ లోకంలో ఏ మహిమా ఊరికే జరగదు. ప్రాణానికి ప్రాణమే వెల. చావుబతుకుల్లో ఉన్న భర్త డ్రోగోను బతికించమని డెనేరిస్ వేడుకుంటే మంత్రగత్తె మిర్రీ మాజ్ దుర్ అదే చెబుతుంది. గుర్రం పోతుంది, కడుపులో బిడ్డ పోతుంది, మిగిలిన డ్రోగో బతికున్న శవం. రెండో సీజన్‌లో బ్రాన్ అక్క ఆర్య ముగ్గురిని మంటల నుంచి కాపాడితే, ఎర్ర దేవుడికి చెందవలసిన మూడు చావులు బాకీ పడ్డావు, మూడు పేర్లు చెప్పు అంటాడు వాళ్లలో ఒకడైన జాకెన్. బ్రాన్‌కు దివ్యదృష్టి రావడానికి అతని వెంట నడిచిన జోజెన్, హోడోర్, తోడేలు సమ్మర్ బలైపోయారు. చూసేవాళ్లకు ఈ లెక్క అర్థమైంది. అందుకే మహిమ కనిపించిన ప్రతిసారీ మనం భయపడ్డాం, ఇప్పుడు ఎవరి వంతు అని.

ఆ భయం శిఖరానికి చేరింది అయిదో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో. మంచులో చిక్కుకుపోయిన సైన్యం ముందుకు కదలడానికి స్టానిస్ తన కూతురు షిరీన్‌ను కాంతి ప్రభువుకు ఆహుతి ఇస్తాడు. చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆ బలి పనిచేసింది. మర్నాటికి మంచు కరిగింది. తెల్లారేసరికి సగం సైన్యం పారిపోయింది, భార్య ఉరేసుకుంది, మెలిసాండ్రే గుర్రమెక్కి వెళ్లిపోయింది. దారి తెరుచుకుంది, ఆ దారిలో నడవడానికి మనుషులు మిగల్లేదు. దేవుడు మోసం చేశాడా, లేక అడిగింది ఇచ్చి ఊరుకున్నాడా? ఈ సీరియల్‌లో దేవుళ్ల గురించి జరిగిన అత్యుత్తమ రచన ఇదేనని నేను నమ్ముతాను. దేవుడు ఒక్క మాట మాట్లాడడు. కానీ అతని పేరున జరిగిన పని ఒక తండ్రిని, ఒక రాజును, ఒక పూజారిణిని ఒక్క పగలులో కూల్చేస్తుంది.

ఆ తర్వాత ఇంకో మంచి పని చేశారు. ఆరో సీజన్ చివరి ఎపిసోడ్‌లో స్టానిస్ సలహాదారు డావోస్, షిరీన్‌కు తాను చెక్కి ఇచ్చిన కొయ్య దుప్పి బొమ్మ కాలిపోయి దొరికితే, దాన్ని తెచ్చి జాన్ స్నో ముందు మెలిసాండ్రేను నిలదీస్తాడు. పిల్లల్ని కాల్చమని ఆజ్ఞాపించే దేవుడు దుర్మార్గుడంటాడు. ఆమె అబద్ధం చెప్పలేదనీ, పొరబడ్డాననీ ఒప్పుకుంటుంది. డావోస్ విద్వాంసుడు కాడు, ముసలితనంలో షిరీన్ దగ్గరే చదవడం నేర్చుకున్న మాజీ స్మగ్లరు. కానీ వెల ఎవరు చెల్లించారో అతనికి తెలుసు. ఇలాంటి మనిషి ఒకడుంటే చాలు, దేవుడు ఎంత మౌనంగా ఉన్నా కథ ఓడిపోదు.

ఇక్కడి నుంచి దిగజారడం మొదలైంది. నిజానికి విత్తనం అదే ఆరో సీజన్ రెండో ఎపిసోడ్‌లో పడింది, సొంత సహచరులు పొడిచి చంపిన జాన్ స్నో లేచి కూర్చున్నప్పుడు. మెలిసాండ్రే గాయాలు కడిగింది, జుట్టు కత్తిరించింది, మంత్రం చదివింది, ఆశ వదులుకుని వెళ్లిపోయింది. జాన్ ఊపిరి పీల్చాడు. ఎవరు పోయారు? ఎవరూ పోలేదు. షిరీన్ బలే ఈ ప్రాణానికి వెల అని కొందరు అభిమానులు చెబుతారు. అందమైన ఊహ, కానీ సీరియల్ ఆ రెంటినీ కలిపే చిన్న సూచన కూడా ఇవ్వలేదు. బెరిక్ సంగతి చూడండి. కాంతి ప్రభువు పూజారి థోరోస్ చేతుల మీదుగా ఆరుసార్లు తిరిగొచ్చిన మనిషి, తిరిగొచ్చిన ప్రతిసారీ తనలో కొంత తగ్గిపోతున్నానని చెప్పుకుంటాడు. జాన్‌లో ఏం తగ్గింది? కాసేపు కంగారు, కొన్ని ఉరితీతలు, తర్వాత పాత జానే.

అయినా అక్కడ ఒక అద్భుతమైన దారం మిగిలి ఉంది. చావుకు అవతల ఏముందని మెలిసాండ్రే మూడో సీజన్‌లో బెరిక్‌ను అడుగుతుంది. అవతల అంటూ ఏదీ లేదు, చీకటేనంటాడు అతను. ఆరో సీజన్‌లో జాన్‌ను అడుగుతుంది. ఏమీ లేదంటాడు అతనూ. తన దేవుడు లేపిన ఇద్దరూ ఆ దేవుడి లోకం లేదని సాక్ష్యం చెప్పారు. ఒక భక్తురాలికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఉంటుందా? ఆమె విశ్వాసం ఏమై ఉండాలి? ఆ దారాన్ని పట్టుకుని రెండు సీజన్లు నడపవచ్చు. ఆ సాక్ష్యాలు ఆమె విశ్వాసాన్ని ఏం చేశాయో సీరియల్ పట్టించుకోలేదు.

2019 ఏప్రిల్ 28న వచ్చిన వింటర్‌ఫెల్ యుద్ధం ఎపిసోడ్ దగ్గరకు వద్దాం. శవాల సైన్యాన్ని నడిపే నైట్ కింగ్‌ను ఆర్య చంపడం మీద అప్పట్లో అభిమానుల మధ్య యుద్ధాలే జరిగాయి. జాన్ చంపాలి, జోస్యం అతనిదే అని కొందరి పట్టు. నాకు ఆర్య చంపడం మీద అభ్యంతరం లేదు. జోస్యాలు తప్పుదారి పట్టిస్తాయని ఈ కథ మొదటి నుంచీ చెబుతూనే ఉంది. నా అభ్యంతరం వేరే. నైట్ కింగ్ ఎక్కడ పుట్టాడు? ఒక మనిషిని వియర్‌వుడ్ చెట్టుకు కట్టి, గుండెలోకి డ్రాగన్‌గ్లాస్ అనే నల్లరాయిని దించి, అడవి పిల్లలనే ప్రాచీన జాతి అతన్ని తయారుచేసింది. ఎక్కడ చచ్చాడు? వింటర్‌ఫెల్ దేవతావనంలో, అలాంటి చెట్టు కిందే. పాత దేవుళ్ల చెట్టు దగ్గర మొదలైన పాపం పాత దేవుళ్ల చెట్టు దగ్గరే ముగిసింది. ఆ ముగింపుకు ఆర్యను నడిపించింది మాత్రం ఎదుటి మతపు పూజారిణి, ఆర్య కోసం ప్రాణమిచ్చింది కాంతి ప్రభువు ఆరుసార్లు లేపిన బెరిక్, చంపే విద్య నేర్పింది అనేక ముఖాల దేవుడి గుడి. మూడు మతాలు ఒకే చెట్టు కింద కలిశాయి. రాసుకోవడానికి ఎంత సామగ్రి! దీన్ని ఒక్క పాత్ర కూడా గమనించదు. బ్రాన్ అక్కడే కూర్చుని ఉన్నాడు, అతనూ ఏమీ అనడు.

డావోస్ మాత్రం మరునాటి విందులో ఒక్క మాట అంటాడు: ఆ ప్రభువు యుద్ధం మనం చేసిపెట్టాం, గెలిచాం, అతనేమో గుర్తూ దీవెనా ఏమీ ఇవ్వకుండా వెళ్లిపోయాడు, అసలు ఏం కావాలో ఎవరికి తెలుసు అని. సరిగ్గా అడగవలసిన మాట అదే. డెనేరిస్ మంత్రి టిరియన్ పక్కనే ఉన్నాడు, తెలివైనవాడు, వాదించగలవాడు. సంభాషణ ఇంకో వైపు మళ్లుతుంది, అంతే. మానవజాతి మొత్తం బతికి బయటపడిన మర్నాడు మతాల్లో, మనసుల్లో ఏం మారింది? కొత్త భక్తులు పుట్టారా, పాత గుళ్లు పాడుబడ్డాయా? సింహాసనం గొడవ తప్ప ఇంకేమీ లేదు.

ఏడుముఖాల దేవుడి మతం సంగతి మరీ అన్యాయం. దక్షిణాన జనం అత్యధికంగా కొలిచేది ఈ దేవుణ్ణే. అయిదో సీజన్‌లో మతపెద్ద హై స్పారో వెంట నడిచిన పేదలు రాణి సెర్సీనే రాజధాని వీధుల్లో నగ్నంగా నడిపించగలిగారు. అంత బలం ఉన్న మతానికి గుండెకాయ లాంటి గుడిని సెర్సీ ఆరో సీజన్ చివర వైల్డ్‌ఫైర్ అనే పేలుడు ద్రవంతో పేల్చేసింది. మత పెద్దలందరూ బూడిదయ్యారు. ఆ తర్వాత రెండు సీజన్లలో ఆ నగరంలో ఒక్క తిరుగుబాటు లేదు, ఒక్క బిచ్చగాడైనా వీధిలో నిలబడి శపించలేదు. పుస్తకాల్లోని చరిత్ర ప్రకారం ఇదే మతం ఒకప్పుడు డ్రాగన్లున్న టార్గేరియన్ రాజుల (డెనేరిస్ పూర్వీకుల) మీదే ఆయుధం పట్టింది. దేవుడు లేకపోవచ్చు. భక్తులు ఏమయ్యారు? ఒక ఊరి జనానికి ఊపిరి లేకుండా చేశాక, 2019 మే 12న వచ్చిన ఎపిసోడ్‌లో ఆ ఊరినే డెనేరిస్ తన డ్రాగన్‌తో తగలబెడితే మనకు కలగవలసినంత బాధ ఎలా కలుగుతుంది? ఆ మంటల్లో పరుగెత్తే వాళ్లెవరో మనకు తెలియదు. వాళ్లు ఎవరికి మొక్కుకుంటారో కూడా రెండు సీజన్లుగా చూపించలేదు.

ఇక బ్రాన్. అతను రాజవడం అసలు మార్టిన్ ఆలోచనేనని దర్శకనిర్మాతలు తనకు చెప్పినట్టు ఆ పాత్ర వేసిన నటుడు చెప్పాడు. కాబట్టి పుస్తకాల్లోనూ అదే జరగవచ్చు. నాకు ఆ నిర్ణయం మీద కోపం లేదు. ఒకసారి మతం వైపు నుంచి చూడండి, ఎంత విచిత్రమైన పరిణామమో తెలుస్తుంది. పాత దేవుళ్లను కొలిచే ఉత్తరదేశం స్వతంత్రమై విడిపోతుంది. ఏడుముఖాల దేవుణ్ణి కొలిచే దక్షిణదేశానికి పాత దేవుళ్ల చెట్లలోంచి చూసేవాడు రాజవుతాడు. ఇది నిప్పు రాజేసే విషయం. ఆ సభలో ఒక్క పూజారి లేడు, మతం గురించి ఒక్కరూ అడగరు.

అంతకంటే పెద్దది ఇంకొకటి. రాజ్యం స్వీకరిస్తావా అని టిరియన్ అడిగితే, ఇంత దూరం వచ్చింది మరెందుకు అన్న అర్థంలో జవాబిస్తాడు బ్రాన్. అంటే అతనికి ముందే తెలుసు. ఎంత తెలుసు? నగరం కాలుతుందని తెలుసా? తెలిసీ ఊరుకున్నాడా? అభిమానులు బ్రాన్‌ను దుర్మార్గుడిగా చిత్రించే సిద్ధాంతాలు అల్లింది ఇక్కడి నుంచే. వాళ్లను తప్పుపట్టలేను. కథలో ఎవరూ అడగకపోతే బయట కూర్చున్నవాళ్లు అడుగుతారు.

మహాభారతం చదివినవాళ్లకు ఇక్కడ తక్షణం గుర్తుకు రావలసినవాళ్లు ఇద్దరు. యుద్ధం అయిపోయాక గాంధారి కృష్ణుణ్ణి సూటిగా అడుగుతుంది: ఆపగలిగే శక్తి ఉండి కూడా ఎందుకు ఉపేక్షించావు? అడిగి ఊరుకోదు, ముప్పై ఆరో ఏట నీ వంశమూ ఇలాగే పోతుందని శపిస్తుంది. ఆ శాపం జరిగి తీరుతుంది. అశ్వమేధపర్వంలో ఉదంకుడూ అదే అడుగుతాడు, శపించడానికి సిద్ధపడతాడు, కృష్ణుడు అతనికి జవాబు చెప్పుకోవలసి వస్తుంది. అక్కడ దేవుడు కథలోనే నడుస్తున్నాడు, సర్వం తెలిసినవాడు, అయినా కొడుకులను పోగొట్టుకున్న ఒక తల్లి ముందు నిలబడక తప్పలేదు. ఆ ముగింపు సుఖాంతమేమీ కాదు. యాదవులు ఒకరినొకరు కొట్టుకుని చస్తారు, ద్వారక మునుగుతుంది, స్వర్గానికి వెళ్లిన ధర్మరాజుకు అక్కడ మొదట కనిపించేది దుర్యోధనుడు. ఇంత చేదు ముగింపును తిక్కన తెలుగులో చెబితే శతాబ్దాలుగా చదువుతున్నాం, మోసపోయామని ఎవరూ అనలేదు. ఎందుకంటే నష్టపోయినవాళ్లకు అడిగే హక్కు ఉంది, అడిగిన మాటకు ఫలితం ఉంది.

బ్రాన్ ముందు అలా నిలబడినది అతని వెంట నడిచిన మీరా ఒక్కతే. ఏడో సీజన్‌లో, నువ్వు ఆ గుహలోనే చచ్చిపోయావని అతని ముఖం మీదే చెప్పి వెళ్లిపోతుంది. ఆమె తమ్ముడు జోజెన్ చచ్చింది బ్రాన్ కోసమే. అంటే వెల చెల్లించిన మనిషి. ఎనిమిదో సీజన్‌లో ఆమె కనిపించనే కనిపించదు. ఆ సభలోకి మీరాను తెచ్చి, నగరం కాలుతుందని నీకు తెలుసా అని ఒక్క ప్రశ్న అడిగించి ఉంటే? బ్రాన్ తెలుసన్నా, తెలియదన్నా, ఏమీ అనకపోయినా, ఆ కిరీటానికి బరువు వచ్చేది. దీనికి అదనపు ఎపిసోడ్లు అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు. తొందరే కారణమన్న వాదన నాకు చాలదనేది ఇందుకే.

ఈ వాదనకు వచ్చే బలమైన ఎదురుమాట ఒకటుంది. దేవుడు జాన్‌ను లేపింది నైట్ కింగ్ కోసం కాదు, డెనేరిస్‌ను ఆపడం కోసం; ప్రేమించినదాన్ని పొడిచి లోకాన్ని కాపాడటం అజోర్ అహాయ్ అనే పురాణ వీరుడి గాథకు సరిపోతుంది; అతను మంచుదేశానికి వెళ్లిపోవడమే అతని వెల అంటారు. గౌరవించదగిన పఠనమే. ఆ వీరుడు తన భార్య నిస్సా నిస్సాను పొడిచిన పుస్తకాల్లోని కథ తెలిసినవాళ్లకు ఆ కత్తిపోటులో ఆ ప్రతిధ్వని వినిపిస్తుంది కూడా. కానీ ఆ పని చేసేటప్పుడు జాన్ తానెందుకు లేచానని ఆలోచించినట్టు కనిపించదు. ఆ గాథ గురించి అతనికేమీ తెలిసినట్టు కనిపించదు. అభిమాని ఇంటి దగ్గర కూర్చుని అతికించుకోవలసిన అర్థం అది, పాత్ర అనుభవించింది కాదు. ఆరో సీజన్‌లో డెనేరిస్ కోసం ప్రచారానికి ఒప్పుకున్న పూజారిణి కిన్వారా కూడా ఆ తర్వాత మాయమైంది. డెనేరిస్ సలహాదారు వేరిస్ చిన్నతనంలో మంటల్లోంచి విన్న గొంతు ఏమందో తెలుసా అని ఆమె అతన్ని భయపెట్టింది. వేరిస్ మంటల్లోనే చచ్చాడు, ఆ గొంతు ఏమందో మనకు తెలియనే లేదు.

2022లో మొదలైన పూర్వకథ సీరియల్ హౌస్ ఆఫ్ ద డ్రాగన్ ఈ గాయానికి వెనక నుంచి కట్టు కట్టే ప్రయత్నం చేసింది. తొలి టార్గేరియన్ రాజు ఏగన్ కల కనడం, ఆ జోస్యం ఒక కత్తి మీద చెక్కి ఉండటం, అదే కత్తి తరాల తర్వాత ఆర్య చేతికి రావడం. తెలివైన అల్లిక. దానివల్ల వింటర్‌ఫెల్ రాత్రికి వంశావళి దొరికిందే తప్ప, ఆ రాత్రి తర్వాత మనుషులు మాట్లాడుకోవలసిన మాటలు దొరకలేదు.

మిగిలిన పుస్తకాలు వస్తే ఏం చూడాలని కూడా కొందరు అడుగుతుంటారు. సీరియల్ వదిలేసిన ఒక ఘట్టం పుస్తకాల్లో ఉంది; 2000లో వచ్చిన మూడో సంపుటం చివర బ్రాన్ తల్లి కాట్లిన్ చచ్చి లేచి కనిపిస్తుంది, అదెలా జరిగిందో నాలుగో సంపుటం చెబుతుంది. నదిలోంచి తీసిన కాట్లిన్ శవానికి బెరిక్ తన ప్రాణాన్ని పెదవులతో అందించి తాను శాశ్వతంగా చచ్చిపోతాడు. లేచిన కాట్లిన్‌లో తల్లి లేదు, కొడుకును చంపినవాళ్ల మీద పగ ఒక్కటే ఉంది. తిరిగి లేవడం అంటే ఏమిటో, ఎవరు పోతే ఎవరు వస్తారో, వచ్చినవాళ్లు ఏమై వస్తారో మార్టిన్ అక్కడ స్పష్టంగా చూపించారు. అయిదో సంపుటం చివర జాన్ కత్తిపోట్లతో మంచులో పడి ఉన్నాడు. అతను లేస్తే నేను మొదట వెతికేది అతనికి బదులుగా ఎవరు పోయారన్నది. ఆ తర్వాత, ఆ పోయినవాళ్ల మనిషి ఎవరైనా వచ్చి జాన్‌ను నిలదీశారా అన్నది.